ప్రతి వార్త చివరా ఒక 'ట' పెట్టి చదవండి: చేతిలో ఫోన్ ఉన్నా మన ఆలోచన మన దగ్గరే ఉంచుకోవడం ఎలా

రెండేళ్ల కింద బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. విశాఖ మద్దిలపాలెంలో మా ఇంట్లో కూర్చుని ఉంటే, రాత్రి తొమ్మిదిన్నరకి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "ఈ రాత్రికే వైజాగ్ దగ్గర తీరం దాటుతుంది, హుద్‌హుద్ కంటే పెద్దది, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే ఖాళీ చేయండి" అని, కింద బీచ్ రోడ్డులో కూలిపోయిన చెట్ల ఫొటోలు నాలుగు. నేను 2014లో వచ్చిన హుద్‌హుద్ తుఫాను చూసినదాన్ని. ఆ ఫొటోలు చూడగానే చెయ్యి వణికింది, మరు నిమిషంలో మా చుట్టాల గ్రూపులో వేసేశాను. భీమిలిలో ఒక్కతే ఉండే మా పెద్దమ్మ, డెబ్బై రెండేళ్ల మనిషి, అది చదివి పక్కింటి అబ్బాయి చేత ఆటో పిలిపించుకుని, ఆ వానలో, ఆ చీకట్లో అంత దూరం వచ్చి, పదకొండున్నరకి మా గుమ్మంలో తడిసిపోయి నిలబడింది.

ఆ రాత్రి ఏ తుఫానూ తీరం దాటలేదు. ఫొటోలు 2014 నాటివి.

నేను ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. వంద రూపాయల ఖర్చు రాసినా వోచర్ ఏదని అడుగుతాను. ఆ మెసేజ్‌కి మాత్రం వోచర్ అడగలేదు. ఈ విషయం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ తర్వాత నాకు తోచింది ఏమిటంటే, ఇంటర్నెట్ వల్ల మనకి తెలివి తగ్గిపోవడం లేదు, వినడానికీ నమ్మడానికీ మధ్య ఉండాల్సిన ఆ కాస్త వ్యవధి పోతోంది. నిజం నిలకడ మీద తెలుస్తుంది అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ నిలకడని ఎలా తిరిగి తెచ్చుకోవాలో, నేను చేసి చూసి, మా ఇంట్లో అందరి చేతా చేయించి, పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను. ఒక్కసారే అన్నీ మొదలుపెట్టకండి, వారానికి ఒకటి చాలు.

మొదటి వారం: 'ట' పెట్టడం

దీనికి యాప్ ఏమీ అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు.

2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మరి అప్పుడు పుకార్లు లేవా అంటే, బోలెడు ఉన్నాయి. నీళ్ల ట్యాంకర్ వస్తోందట, ఫలానా చోట పాలు ఇస్తున్నారట, మళ్లీ ఇంకో తుఫాను ఉందట. కానీ గమనించండి, ప్రతి మాట చివరా 'ట' ఉంది. నేను చూడలేదు, ఎవరో చెప్తే విన్నాను అని ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది. ఎదురుగా మనిషి ఉంటాడు కాబట్టి "నువ్వు చూశావా?" అని అడిగేవాళ్లం. "లేదండీ, కంచరపాలెంలో మా బావ చెప్పాడు" అనేవాడు. అయితే చూద్దాంలే అనుకుని బిందె పక్కన పెట్టుకుని ఉండేవాళ్లం, పరుగెత్తేవాళ్లం కాదు.

ఫోన్లో వచ్చే మెసేజ్‌లో ఆ 'ట' ఎగిరిపోతుంది. "తీరం దాటుతుంది", "బంద్ చేశారు", "క్యాన్సర్ నయమవుతుంది", "ప్రభుత్వం ఇస్తోంది". రాసినవాడు కళ్లారా చూసినట్టే ఉంటుంది. అందుకని ఈ వారం మీరు చేయాల్సింది ఇదీ: గ్రూపులో వచ్చినది గానీ, వీడియోలో విన్నది గానీ, ఏ వాక్యమైనా చివర 'ట' కలిపి, పైకి, మీ నోటితో ఒకసారి అనండి. "నిమ్మరసంలో సోడా ఉప్పు కలిపి తాగితే క్యాన్సర్ నయమవుతుందట." అనగానే తర్వాతి ప్రశ్న దానంతట అదే వస్తుంది: ఎవరు చెప్పారట? మా అబ్బాయి ఎనిమిదో తరగతి, వాడికి ఇది ఆటలా పట్టుబడింది, నాకంటే త్వరగా.

ఇది ఎందుకు అవసరమంటే, పదే పదే విన్నమాట నిజమనిపించడం మనిషి మనసు స్వభావం. 1977లో అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థులకి కొన్ని వాక్యాలు వినిపించారు, రెండేసి వారాల తేడాతో మూడు సార్లు, కొన్ని వాక్యాలు మళ్లీ మళ్లీ వచ్చేలా. తిరిగి తిరిగి వచ్చిన వాక్యాలు నిజమైనా అబద్ధమైనా వాటి మీద విద్యార్థులకి నమ్మకం పెరుగుతూ పోయింది. అప్పటికి జనం చేతుల్లో సెల్‌ఫోన్లే లేవు. ఇప్పుడు అదే మాట అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, స్కూల్ తల్లుల గ్రూపులో ఒకసారి, చుట్టాల గ్రూపులో ఒకసారి, సాయంత్రం షార్ట్ వీడియోలో ఒకసారి కనిపిస్తుంది. నలుగురు చెప్పారు కదా అనిపిస్తుంది. నిజానికి చెప్పినవాడు ఒక్కడే, మిగతా ముగ్గురూ మనలాగే నొక్కారు.

రెండో వారం: గుండె ఝల్లుమంటే ఫోన్ బోర్లా పెట్టండి

భయం, కోపం, జాలి, మన కులమో మతమో ఊరో అనే పౌరుషం, వీటిలో ఏది పొంగినా ఆ క్షణంలో ఫార్వర్డ్ బటన్ ముట్టకండి. ఫోన్ బోర్లా పెట్టి లేచి మంచినీళ్లు తాగి రండి. పది నిమిషాలు. పొయ్యి మీద పప్పు ఉంటే అది చూసి రండి. తిరిగి వచ్చి చదివితే అదే మెసేజ్‌లో తేదీ లేదని, ఊరి పేరు లేదని, "తెలిసినవాళ్లందరికీ పంపండి" అని ఉందని కనపడుతుంది.

2018లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. ట్విట్టర్ మొదలైన 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 వార్తా కథనాలను చూస్తే, అబద్ధాలు నిజాల కంటే దూరం, వేగంగా వెళ్లాయి. జనం వాటిని తిరిగి పంపే అవకాశం 70 శాతం ఎక్కువ. అది వాటంతట అవే ట్వీట్లు పెట్టే ప్రోగ్రాముల పని అనుకున్నారు గానీ, మనుషులే ఎక్కువగా పంచారని తేలింది. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యంగా ఉంటుంది, అదే దాని బలం. అదే ఏడాది మన దేశంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకి చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపేశారు. ఆ తర్వాతే ఒక మెసేజ్‌ని ఒకసారికి అయిదు చాట్‌లకి మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఆ గుర్తు కనపడితే పది నిమిషాలు కాదు, రేపటి దాకా ఆగండి.

ఒక్క చోట మాత్రం ఈ నియమం తిరగబడుతుంది, ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. మీరు బీచ్‌లో ఉండి భూమి గట్టిగా అదిరినా, సముద్రం చూస్తుండగానే నిమిషాల్లో చాలా దూరం వెనక్కి వెళ్లిపోయినా, ముందు ఎత్తైన చోటికి వెళ్లండి, తర్వాత ఫోన్ తీయండి. ఏదో ఘాటు వాసన వచ్చి కళ్లు మండినా అంతే, ముందు అక్కడి నుంచి కదలండి, తర్వాతే ఫోన్. మీ కళ్లు, ముక్కు చెప్పినదానికి 'ట' ఉండదు.

మూడో వారం: పేజీలోంచి బయటికి రండి

ఇక్కడ మనమందరం చేసే పొరపాటు ఒకటి ఉంది. ఏదైనా నిజమా కాదా అనుకున్నప్పుడు ఆ మెసేజ్‌నే, ఆ పేజీనే ఇంకా శ్రద్ధగా చదువుతాం. బాగా రాశారు, అంకెలు ఉన్నాయి, పైన ముద్ర ఉంది, డాక్టర్ కోటు వేసుకున్నాడు, నిజమే అయి ఉంటుంది అనుకుంటాం. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పదిమంది చరిత్ర ఆచార్యులకి, పాతికమంది విద్యార్థులకి, పదిమంది నిజనిర్ధారణ చేసేవాళ్లకి కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి నమ్మదగినవేవో చెప్పమన్నారు. ఆచార్యులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీలోనే పైకీ కిందకీ తిరిగి, హుందాగా కనపడే ముద్రలు చూసి మోసపోయారు. మూడో గుంపు వాళ్లు పేజీ తెరిచిన కాసేపటికే బయటికి వచ్చేసి, ఈ సంస్థ ఎవరిది, దీని గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు అని వేరే చోట వెతికారు. వాళ్లే తక్కువ సేపట్లో సరైన జవాబుకి వచ్చారు. పీహెచ్‌డీ చేసినవాళ్లే పేజీలో ఇరుక్కుపోయారంటే, ఇది చదువుకి సంబంధించిన విషయం కాదు, అలవాటుకి సంబంధించినది. అలవాటు మనకీ వస్తుంది.

ఎలా చేయాలో నా తుఫాను మెసేజ్‌తోనే చెప్తాను. ముందు ఫొటో. దాన్ని ఫోన్లో దాచుకుని, గూగుల్ యాప్‌లో వెతికే గడి పక్కన కెమెరా బొమ్మ ఉంటుంది, అది నొక్కి ఆ ఫొటో ఎంచుకోండి. అదే ఫొటో అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. నేను మర్నాడు చేశాను, అర నిమిషంలో 2014 వార్తలు వచ్చాయి. ఆ అర నిమిషం ముందు రాత్రి వెచ్చించి ఉంటే పెద్దమ్మ తడిసేది కాదు.

తర్వాత, ఈ విషయం చెప్పాల్సినవాళ్లు ఎవరు అని అడగండి. తుఫాను అయితే భారత వాతావరణ శాఖ. వాళ్ల తుఫాను హెచ్చరికల కేంద్రం మన విశాఖలోనే ఉంది, బులెటిన్లు వెబ్‌సైట్లో అందరికీ కనపడతాయి. ఆ బులెటిన్ ఒకసారి తీరిగ్గా చదవడం నేర్చుకోండి: వాయుగుండం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఎప్పుడు ఎక్కడ తీరం దాటవచ్చు, అన్నీ టైముతో సహా ఉంటాయి. టీవీలో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని ఎర్రటి అక్షరాలు వేస్తే మనకి కాళ్లు ఆడవు. ఆ నంబర్లు ఓడరేవుల్లో ఓడల కోసం, 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఒకటి, రెండు అంటే వాయుగుండమో తుఫానో దూరంగా సముద్రంలో ఉందని. మూడు అంటే రేవులో ఈదురు గాలులు వీచే అవకాశం ఉందని. పది అంటే తీవ్రమైన తుఫాను రేవు మీదుగానో దగ్గరలోనో దాటబోతోందని. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, సగం టెన్షన్ పోతుంది, పది వచ్చిన రోజున అసలు సంగతి కూడా అర్థమవుతుంది.

ఆర్కే బీచ్‌లో సముద్రం వెనక్కి వెళ్లిందని అప్పుడప్పుడు వీడియోలు వస్తాయి చూడండి, రాళ్లు బయటపడ్డాయి, సునామీ వస్తుంది అని. అప్పుడు కూడా ఇదే వరస. సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, 2007 నుంచి పనిచేస్తోంది. వాళ్ల పేజీలో భూకంపం ఏదైనా నమోదైందా చూడండి. ఏదీ నమోదు కాలేదంటే క్యాలెండర్ చూడండి. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దగా ఉంటాయి, నీరు గంటల తరబడి మెల్లగా వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఏ మత్స్యకారుణ్ణి అడిగినా చెప్తాడు, నా లెక్కలో సముద్రం సంగతికి అతను వంద వీడియోల పెట్టు.

వెతికేటప్పుడు ప్రశ్న ఎలా అడుగుతున్నామన్నది కూడా చాలా ముఖ్యం. "కాకరకాయ రసం షుగర్ లాభాలు" అని కొడితే లాభాలే వస్తాయి, ఎందుకంటే మీరు అడిగింది అదే. "కాకరకాయ రసం తాగితే షుగర్ మందులు మానేయవచ్చా" అని కొట్టండి, తర్వాత "కాకరకాయ రసం నష్టాలు" అని కూడా కొట్టండి. మీరు ఏది నిజమైతే బాగుండునని కోరుకుంటున్నారో దానికి వ్యతిరేకమైనది తప్పకుండా ఒకసారి వెతకాలి. నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్న పని ఇదే, ఇప్పటికీ ఉంది. మందుల విషయంలో మాత్రం ఎంత వెతికినా చివరి మాట మీ డాక్టర్‌దే.

డబ్బు, పోలీసు, కొరియర్, కేవైసీ అని ఎవరైనా తొందరపెడితే వెతకడం కూడా అనవసరం, కట్ చేయండి. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో లేదు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే దాన్ని ఆపే అవకాశం అంత ఎక్కువ.

నాలుగో వారం: ఫోన్ మూసి చెప్పడం

పైవన్నీ అబద్ధం నుంచి కాపాడుకోవడానికి. ఇది వేరే జబ్బుకి మందు. అంతా మనకి తెలుసు అనిపించే జబ్బు.

2011లో సైన్స్‌లోనే వచ్చిన ఒక ప్రయోగంలో, టైప్ చేసిన సమాచారం కంప్యూటర్‌లో దాచి ఉంటుందని నమ్మినవాళ్లకి ఆ సమాచారం తక్కువ గుర్తుంది. ఎక్కడ దాచారో మాత్రం బాగానే గుర్తుంది. 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ఇంకో ప్రయోగంలో, కొన్ని ప్రశ్నలకి ఇంటర్నెట్‌లో జవాబులు వెతికినవాళ్లు, వాటితో ఏ సంబంధమూ లేని వేరే విషయాల్ని కూడా మేము బాగా వివరించగలం అనుకున్నారు. వెతకడం వచ్చినంత మాత్రాన విషయం వచ్చేసినట్టు మనసు లెక్క వేసుకుంటుంది. ఆఫీసు భాషలో చెప్పాలంటే, బ్యాంకులో ఉన్న వేరేవాళ్ల డబ్బుని మన ఖాతాలో రాసుకోవడం.

దీనికి నేను చేసేది: రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు ఫోన్లో చూసిన ఒక్క విషయం, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఇంట్లో ఒకరికి చెప్పాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరు కాదంటున్నారు. మొదటి రోజు నేను విశాఖ స్టీల్ ప్లాంట్ నష్టాల గురించి అరగంట వీడియో చూసి వచ్చి మా అత్తగారికి చెప్పబోతే రెండు వాక్యాలకి ఆగిపోయాను. ఆవిడ "మరి నష్టం ఎందుకొస్తోందటమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, కోపం మాత్రం ఉంది. వీడియో నాకు కోపాన్ని ఇచ్చింది, కారణాన్ని ఇవ్వలేదు. మర్నాడు కూర్చుని సొంత ఇనుప గనులు లేకపోవడం, అప్పుల మీద వడ్డీలు, ఇవన్నీ చదివి మళ్లీ చెప్పాను. ఆవిడ ఇంకో మూడు ప్రశ్నలు వేశారు. మీ ఇంట్లో కూడా అలా ప్రశ్నలు వేసే మనిషి ఒకరుంటారు, వాళ్ల దగ్గరే చెప్పండి.

పిల్లలు హోంవర్క్‌కి ఏఐని అడుగుతుంటే తిట్టి ప్రయోజనం లేదు. మా ఇంట్లో పెట్టుకున్న నియమం: ముందు నీ జవాబు అయిదు లైన్లు కాగితం మీద రాయి, తప్పయినా పర్వాలేదు, తర్వాత అడుగు, రెండిటికీ తేడా ఎక్కడుందో ఎర్ర పెన్నుతో గీయి. అది తప్పుని కూడా తడబడకుండా, చక్కటి వాక్యాల్లో చెప్పగలదు కాబట్టి, ముందు మనకంటూ ఒక జవాబు లేకపోతే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ పట్టుకోలేం.

వారంలో ఒక గంట పొడుగు చదువు కూడా పెట్టుకోండి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. లేదా ఇంట్లోనే దినపత్రిక సంపాదకీయం పేజీ, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, మధ్యలో ఫోన్ ముట్టకుండా. మొదట పది నిమిషాలకే చెయ్యి జేబు వైపు పోతుంది. పోనివ్వండి, మళ్లీ చదవండి.

ఆ తర్వాత: ఫోన్లు మార్చుకోవడం, పెద్దవాళ్లతో మాట్లాడటం

ఆదివారం ఒక పావుగంట, ఇంట్లో ఇష్టపడి ఒప్పుకున్నవాళ్లు వీడియోల యాప్ తెరిచి ఫోన్లు ఒకరివి ఒకరు తీసుకోండి. చాటింగులు తెరవకూడదు, వీడియోలు మాత్రమే. మా ఆయన ఫోన్లో దేశం మొత్తం ఒక రకంగా ఉంది, నా ఫోన్లో ఇంకో రకంగా ఉంది, మా అబ్బాయి ఫోన్లో దేశమే లేదు, క్రికెట్ ఉంది. ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద. మనం ఎక్కువ సేపు చూసినదాన్ని బట్టి తర్వాతిది వస్తుందని నాకు ముందే తెలుసు, కానీ మా ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని చూసినప్పుడే, ఆయన కొన్ని విషయాల్లో ఎందుకంత ఖచ్చితంగా మాట్లాడతారో నాకు అర్థమైంది. ఆయనకి నా గురించి కూడా అలాగే అర్థమైందట.

పెద్దవాళ్లు ఏదైనా తప్పుడు మెసేజ్ పెడితే గ్రూపులో అందరి ముందూ "ఇది ఫేక్" అని కొట్టిపడేయకండి. వాళ్లు ప్రేమతోనే పంపారు, మనవాళ్లకి మంచి జరగాలనే పంపారు, నేను పంపింది కూడా అందుకే. విడిగా ఫోన్ చేయండి. "మావయ్యగారూ, మీరు పెట్టినది నాకు ఇంకో గ్రూపులో కూడా వచ్చిందండి. ఎవరు రాశారో అని వెతికాను, ఫొటో పాతదండి. మీరే గ్రూపులో ఒక ముక్క చెప్తే బాగుంటుంది, మీరు చెప్తే అందరూ వింటారు." ఇలా అంటే వాళ్ల గౌరవం వాళ్లకి ఉంటుంది, దిద్దుబాటు కూడా వాళ్ల పేరు మీదే వెళ్తుంది.

మీరే తప్పు పంపినప్పుడు

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒకరోజు జరుగుతుంది. మెసేజ్ డిలీట్ చేసి ఊరుకుంటే సరిపోదు, మీ దగ్గర చెరిగిపోయినా దాన్ని ముందుకు పంపినవాళ్ల దగ్గర అలాగే తిరుగుతూ ఉంటుంది. ఎక్కడెక్కడ వేశారో ఆ గ్రూపులన్నిటిలో, సంజాయిషీలు లేకుండా, ఇలా రాయండి:

"నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి నేను పెట్టిన తుఫాను మెసేజ్ తప్పు. ఫొటోలు 2014 నాటివి. వాతావరణ శాఖ తాజా బులెటిన్ కింద పెడుతున్నాను. మీరు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి వాళ్లకి ఇది కూడా పంపండి."

తర్వాత ఫోన్ తీసుకుని, ఆ మెసేజ్ చదివి నిజంగా కదిలిపోయేవాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకుని వాళ్లకి కాల్ చేయండి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి అందరికంటే ముందు.